పేరు మారిన ఎక్స్‌రే

ఎక్స్‌రే బండి పొద్దున ఏడు గంటలకే ఫ్యాక్టరీ పెరట్లోకి వచ్చి నిలబడింది. అయినా రొయ్యల పని ఆగలేదు. బల్లకు ఇద్దరేసి చొప్పున పిలుస్తారట, వెళ్ళినవాళ్ళ వంతు కూడా మిగిలినవాళ్ళే ఒలవాలట. థాయ్ దేశపు ఈ మహాచయ్‌లో ఏ రొయ్యల షెడ్డులోనైనా ఇదే తంతు. మనుషుల ఆరోగ్యం చూడడానికి ఏడాదికొకసారి బండి వస్తుంది గానీ, ఆ ఒక్క పూటైనా మనిషిని కూర్చోనివ్వరు.

ఖైన్ చేతులు వాటంతట అవే కదులుతున్నాయి. మంచునీళ్ళలోంచి రొయ్యను తీయడం, బొటనవేలితో తల విరవడం, మూడు లాగుళ్ళలో తొక్క ఒలవడం, వీపు మీద చిన్న కత్తితో గీటు పెట్టి నల్లటి పేగు లాగి పారేయడం. మధ్యలో దగ్గు వచ్చినప్పుడు మోచెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గి, మళ్ళీ రొయ్యను అందుకుంటోంది. పదిరోజులుగా ఉంది ఆ దగ్గు. కఫం పడదు, ఊరికే పొడిగా గొంతును గీరుతుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాస్త వెచ్చబడి తల బరువెక్కుతుంది, తెల్లారితే మామూలే. వాళ్ళుండే వరసగదుల్లో ఆ నెల దగ్గని మనిషి లేడు. ఒక గదిలో మొదలై పక్క గదికి, అక్కణ్ణించి ఆ పక్క గదికి పాకుతూ పోయింది. దాన్ని జబ్బని ఎవరూ అనుకోలేదు. రొయ్య ఒలవగలిగినంత కాలం ఆ షెడ్డులో ఎవరికీ జబ్బు లేనట్టే.

ఎదురుగా సాన్ న్వే చేతులు ఆగిపోయాయి. ఆ చేతులు ఆగడం ఖైన్ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. ఖైన్‌కి కత్తి పట్టడం నేర్పింది సాన్ న్వేనే. ఖైన్ కంటే పన్నెండేళ్ళు పెద్దది. గదిలో చాప పక్కన చాప వేసుకుని, ఒకే కుండలో అన్నం వండుకుని తింటారిద్దరూ.

"ఏంటక్కా?" అంది ఖైన్.

"పోయినేడు వచ్చిన బండేనే అది. పక్కన ఆ నీలం గీత చూడు," అంది సాన్ న్వే. మాస్కు పైన ఆవిడ కళ్ళు పెరటి వైపే ఉన్నాయి.

ఆ మాటకి అర్థం ఖైన్‌కి తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట బర్మాలో, పా-ఆన్‌లో ఉన్నప్పుడు సాన్ న్వేకి క్షయ వచ్చింది. ఆరు నెలలు ఒక్క పూట తప్పకుండా మాత్రలు మింగి తగ్గించుకుంది. జబ్బు పోయింది గానీ కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ మిగిలింది. పోయినేడు ఆ మచ్చ మీద వేలు పెట్టి డాక్టరు ఇదేంటని అడిగాడు, ఈసారికి వదిలేస్తున్నాను, వచ్చే ఏడు చూద్దాం అని ఫైలు మీద ఎర్ర గీత కొట్టాడు. ఆ వచ్చే ఏడు ఇదే. ఈసారి ఫెయిలైతే పని కార్డు రద్దవుతుంది, బర్మా సరిహద్దు దాకా తీసుకెళ్ళి వంతెన మీద వదిలేస్తారు. ఆవిడ మొగుడు చేపల ఓడ మీద సముద్రంలో ఉన్నాడు. రెండు నెలలకొకసారి ఒడ్డుకొస్తాడు. పెళ్ళాం కోసం ఈ ఊరొచ్చి ఈ ఓడెక్కిన మనిషి. అతనొచ్చేసరికి గదిలో ఆవిడ ఉండకపోతే ఎలాగన్నదే ఆవిడ బెంగంతా.

ఖైన్ ఎక్కువ ఆలోచించలేదు. "కార్డులు మార్చుకుందాం," అంది.

ఆ షెడ్డులో కార్డు మార్చుకోవడం వింతేమీ కాదు. టోపీ, మాస్కు, తెల్ల అంగీ వేసుకుంటే అందరూ ఒక్కలాగే ఉంటారు. గుడికి పోయినవాళ్ళ కార్డు, తలనొప్పి వచ్చినవాళ్ళ కార్డు పక్కవాళ్ళు గేటు దగ్గర గీకేస్తుంటారు. దాన్ని ఎవరూ మోసం అనరు. చేతిసాయం అంటారు.

"నా మచ్చ నీ పేరు మీద పడుద్దే," అంది సాన్ న్వే.

"పడనీ. నాకు మచ్చ పడడం మొదటిసారేగా. అడిగితే చిన్నప్పుడేదో వచ్చిందంటా. నీ ఫైలు మీద గీత ఉంది, నా దాని మీద ఏం లేదు."

"నీకు దగ్గుందిగా మరి?"

"ఈ దగ్గా? ఇది ఊరందరికీ ఉంది. దగ్గు ఫొటోలో పడుద్దా ఏంటక్కా?"

సాన్ న్వే నవ్వింది. రెండు కార్డులూ బల్ల కింద చేతులు మారాయి.

బండి మెట్ల దగ్గర దుబాసీ యీ మోన్ కాగితాలు పట్టుకుని నంబర్లు పిలుస్తోంది. ఆవిడా బర్మా మనిషే. థాయ్ బాగా వచ్చు గనక బూట్లు, టోపీ వదిలి ఆఫీసులో కుర్చీ ఎక్కింది. కూలీలంతా ఆవిణ్ణి సయామా, అంటే మేడమ్, అని పిలుస్తారు. సాన్ న్వే నంబరు పిలవగానే ఖైన్ ముందుకొచ్చింది. యీ మోన్ ఒక్క క్షణం ఆమె కళ్ళలోకి చూసి, కాగితం మీద టిక్కు పెట్టి, "పైకెళ్ళు, గొలుసులుంటే తీసెయ్యి," అంది.

లోపల చల్లగా ఉంది. గడ్డం పలక మీద ఆనించమన్నాడు ఫొటో తీసేవాడు. భుజాలు పట్టుకుని ముందుకు నెట్టాడు. వాడికి బర్మా భాషలో వచ్చినవి రెండే ముక్కలు, పీల్చు, ఆపు. ఖైన్ గుండె నిండా గాలి పీల్చి ఆపింది. ఆపిన మరుక్షణం గొంతులో దగ్గు లేచింది. పళ్ళు బిగబట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి గానీ ఒళ్ళు కదలనివ్వలేదు. టక్కున చప్పుడైంది. అక్క కోసం ఈ మాత్రం చేయగలిగానన్న సంతోషంతో మెట్లు దిగింది.

ఆ వారమే ఖైన్ బజారు మందుల షాపుకి వెళ్ళి దగ్గు పోవడం లేదని చెప్పింది. షాపామె ఆరు మాత్రలు చేతిలో పెట్టింది, రోజుకొకటి. మూడు వేసుకునేసరికి ఒళ్ళు తేలికపడింది, వారానికి దగ్గు కూడా ఆగింది. మిగిలిన మూడూ బిస్కెట్ల డబ్బాలో దాచింది. మిగిలిన మందు దాచుకోవడం ఆ వరసగదుల్లో అందరికీ ఉన్న అలవాటే.

* * *

ఫలితాలు రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పటికి గదిలో దగ్గే వంతు సాన్ న్వేది.

"నా డబ్బాలో మూడు మాత్రలున్నాయి, వేసుకో అక్కా," అని ఒకసారి అంది ఖైన్.

"దాచుకో. నాకింకా జ్వరం రాలేదుగా. ఊరంతా దగ్గి ఊరుకుంది, నేనూ అంతే," అంది సాన్ న్వే. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

సోమవారం మధ్యాహ్నం యీ మోన్ షెడ్డులోకి వచ్చింది. ఆవిడ చెప్పులు తడి నేల మీద చప్పుడు చేస్తే బల్లల దగ్గర మాటలు ఆగిపోతాయి. సాన్ న్వేని వేలితో పిలిచింది. పిలవకపోయినా ఖైన్ కూడా కత్తి పెట్టేసి వెంట వెళ్ళింది. ఆఫీసు గది గాజు తలుపు దగ్గరే ఇద్దర్నీ నిలబెట్టింది యీ మోన్. తను మాత్రం రెండు అడుగులు వెనక్కి జరిగి మాస్కు సర్దుకుంది.

"రెండు పక్కలా కింద నీడలున్నాయంట. క్షయ అనుమానం అని రాశారు," అంది కాగితం చూస్తూ. "ఇవాళ్టి నుంచి షెడ్డులోకి రాకు. శుక్రవారం పొద్దున వ్యాను వస్తుంది. మే సోట్ వంతెన దాకా దింపుతారు."

ఖైన్ కాగితం వైపు మెడ చాపింది. "మరి నాది సయామా?" అని మెల్లగా అడిగింది.

"నీకేం? పాసు. పాసైన వాళ్ళకి ఇంకేం రాయరు," అని యీ మోన్ జాబితాలో ఆమె పేరు చూపించింది.

బయట బూట్లు కడుక్కునే తొట్టి దగ్గరికొచ్చాక సాన్ న్వే టోపీ తీసేసింది. జుట్టు చెమటకి అంటుకుపోయి ఉంది. తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది.

"పిచ్చి పట్టిందా అక్కా?"

"నా ఊపిరితిత్తులు పాసయ్యాయే," అంది సాన్ న్వే కళ్ళు తుడుచుకుంటూ. "చూశావా? ఎనిమిదేళ్ళు దొంగసొమ్ము దాచినట్టు దాచుకు తిరిగానే దీన్ని. వాళ్ళకది లెక్కలోకే రాలేదు. నా పేరుతో నేనే వెళ్ళుంటే ఈపాటికి రొయ్యలు ఒలుచుకుంటా ఉండేదాన్ని."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే ఖైన్‌కి ఎక్కువ బాధేసింది. తిట్టినా బాగుండు అనిపించింది.

"అయితే ఆ కింద నీడలు నావి," అంది.

"నువ్వు నడుస్తున్నావు, తింటున్నావు, నాకంటే రెండు తట్టలు ఎక్కువ ఒలుస్తున్నావు. నీకేం ఉంటుందే?"

"ఏదో ఉందిగా. ఫొటోలో పడిందిగా."

సాన్ న్వే కాళ్ళ వైపు వంగింది. బూట్లు విప్పి తిరగేసింది. వాటిలోంచి నీళ్ళు, ఒక రొయ్య మీసం జారిపడ్డాయి. "ఆయన ఓడ ఇంకో పన్నెండు రోజులకి గానీ రాదు. సముద్రంలో ఫోను కలవదు. ఎవరు చెప్తారు ఆయనకి?" అంది తనలో తను అనుకుంటున్నట్టు.

* * *

మంగళవారం ఖైన్ పని ఎగ్గొట్టి బజారు వెనక కూలీల సంఘంవాళ్ళు నడిపే ఉచిత ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ ఊ చాన్ థా అనే పెద్దాయన కూర్చుంటాడు. బర్మాలోని మౌలమ్యైన్‌లో ముప్పై ఏళ్ళు డాక్టరుగా చేసి, ఇక్కడ డాక్టరని బోర్డు పెట్టుకునే వీల్లేక, సలహాలు చెప్పేవాడిగా ఒక ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకున్న మనిషి. ఆయన దగ్గర ఖైన్ ఏదీ దాచలేదు. కార్డుల సంగతి మొదలుకుని అంతా చెప్పేసింది.

ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన మాత్రం కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "జ్వరం సాయంత్రాలే వచ్చేదా? దగ్గు పొడిగానేనా? మీ వరసలో అందరికీ వచ్చిందా?" అని ఒకదాని తర్వాత ఒకటి అడిగాడు. అన్నిటికీ ఔనంది ఖైన్.

"క్షయ కాదమ్మా నీది. ఇదో రకం న్యుమోనియా. నడిచే న్యుమోనియా అంటాం మేం. మామూలు న్యుమోనియా అయితే ఒక పక్క గడ్డకట్టినట్టు తెల్లగా పడుద్ది, మనిషి మంచం దిగడు. ఇది అట్లా కాదు. రెండు పక్కలా, కింద, పొగమంచు పట్టినట్టు చెదురుమదురుగా కనపడుద్ది. ఫొటో చూస్తే మనిషి పోయేట్టున్నాడే అనుకుంటాం. తీరా చూస్తే వాడు బయట బల్ల మీద కూర్చుని టీ తాగుతా ఉంటాడు."

"మరి క్షయ అని రాశారే సయా?"

"వేలమంది ఫొటోలు వరసగా చూసేవాడికి మనిషి కనపడడుగా, నీడే కనపడుద్ది. మన కూలీల ఛాతీలో నీడంటే క్షయే అని చెయ్యి దానంతటదే రాసేసుద్ది." ఆయన ముందుకు వంగాడు. "మందేమన్నా వేశావా?"

"మూడు మాత్రలు. తగ్గిపోయింది."

"ఎన్నాళ్ళయింది?"

"ఇరవై రోజులు కావస్తా ఉంది."

పెద్దాయన వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. తర్వాత, "అయితే తొందరగా వెళ్ళు. ఆసుపత్రిలో నిజం చెప్పి, ఇద్దరికీ మళ్ళీ తీయమను. దగ్గు ముందు పోద్ది, నీడ నిదానంగా పోద్ది. ఇంకా కొంచెమైనా మిగిలుంటే నీ మాటకి అదే సాక్ష్యం. వయసులో ఉన్నదానివి, ఎక్కువ రోజులు ఉంచుకోవు," అన్నాడు.

జబ్బు నయమవుతుందని చెప్తే సంతోషించాలి. ఖైన్ మాత్రం దారి పొడుగునా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, ఇంకొక్క రోజు ఉండు, ఒక్క రోజు ఉండు అని లోపలున్న నీడని బతిమాలుకుంటూ నడిచింది.

* * *

యీ మోన్‌ని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"నాకు తెలియదనుకున్నావా? ఆ రోజు మెట్ల దగ్గర నిన్ను చూశాను. చూసే టిక్కు పెట్టాను. ఏదో ఆడకూతుళ్ళు, బతకనీలే అని," అంది యీ మోన్ పళ్ళ మధ్యనించి. "ఇప్పుడు నువ్వు నోరు విప్పితే ముందు పోయేది నా కుర్చీ."

"మీ పేరెత్తను సయామా. మీరు చూడలేదనే చెప్తాను. మళ్ళీ ఫొటో తీయమని అడిగితే చాలు."

యీ మోన్ చాలాసేపు గోళ్ళు చూసుకుంది. ఆఖరికి బుధవారం మధ్యాహ్నం ఇద్దర్నీ వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. సాన్ న్వే బుగ్గలకి తానాకా గంధం రాసుకుని, పండక్కి కట్టుకునే లుంగీ కట్టుకుని వచ్చింది. దారిలో వ్యానులో నాలుగైదు సార్లు దగ్గింది. ఆ దగ్గు విని కూడా ఖైన్‌కి ఏమీ తట్టలేదు. మనసంతా తన ఊపిరితిత్తుల మీదే ఉంది.

డాక్టరు కుర్రాడు. చెడ్డవాడేం కాదు. పొద్దుటినుంచి కుర్చీ దిగినట్టు లేడు, బల్ల మీద తినని అన్నం పొట్లం అలాగే ఉంది. ఖైన్ తనకొచ్చిన నాలుగు థాయ్ ముక్కల్లో చెప్పింది.

"ఫొటో నాది. పేరు ఆమెది. మేం మార్చుకున్నాం. జబ్బు నాది."

డాక్టరు యీ మోన్ వైపు చూశాడు. యీ మోన్ తల వంచుకుని, ఆమె చెప్పిందే కాస్త తిన్నగా మళ్ళీ చెప్పింది. డాక్టరు నిట్టూర్చి ఇద్దర్నీ ఎక్స్‌రే గదికి పంపాడు.

మళ్ళీ గడ్డం పలక మీద పెట్టింది ఖైన్. మళ్ళీ గాలి పీల్చి ఆపింది. ఈసారి దగ్గు రాలేదు. రమ్మని లోపల్లోపల పిలిచింది కూడా. అయినా రాలేదు.

గంట తర్వాత పిలిచారు. తెర మీద ముందు ఖైన్ ఫొటో వేశాడు డాక్టరు. రెండు ఊపిరితిత్తులూ నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఎముకలు దువ్విన జుట్టులాగా వరసగా కనపడుతున్నాయి. ఎక్కడా పొగ లేదు, మంచు లేదు.

"నీకు ఏ జబ్బూ లేదు," అన్నాడు డాక్టరు.

"ఉండింది. మందేసుకున్నాను. పోయింది."

ఆయన సాన్ న్వే పేరున్న ఫొటోలు రెండూ పక్కపక్కన వేశాడు. ఒకటి బండిలో తీసింది, ఒకటి ఇవాళ్టిది. బండిలో తీసిన దాంట్లో కింద రెండు పక్కలా తెల్లటి మసక. అది తన ఛాతీ అని ఖైన్ గుర్తుపట్టింది. గుర్తుపట్టడానికేం లేదు, అయినా గుర్తుపట్టింది. ఇవాళ్టి దాంట్లోనూ కింద అలాంటి మసకే ఉంది. పైన కుడి పక్కన గీతలు గీతలుగా మచ్చ కూడా ఉంది.

డాక్టరు కింది మసక మీద పెన్ను పెట్టి, అక్కణ్ణించి పైకి జరిపాడు. యీ మోన్ ఆయన మాట విని నెమ్మదిగా చెప్పింది. "ముందు కింద మాత్రమే ఉందంట. మూడు వారాల్లో పైదాకా పాకిందంటున్నారు. ఇంక అనుమానం కూడా లేదంట."

"ఆ పైది పాత మచ్చ! అది ముందునించీ ఉంది," అంది ఖైన్. గొంతు పెరిగింది. "నా పేరు మీద తీసిన ఫొటో తెప్పించండి, దాంట్లో ఉంటుంది ఆ మచ్చ."

యీ మోన్ అడిగింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. పాసైన వాళ్ళ ఫొటోలు బండివాళ్ళు ఉంచరు. ఎందుకు ఉంచుతారు?

"పోయినేటిదో? పోయినేడు కూడా ఆ మచ్చ అడిగారు."

పోయినేడు చూసింది వేరే డాక్టరు, పాసు చేశాడు గనక ఆ ఫొటో కూడా లేదు. ఫైలు మీద ఎర్ర గీత ఒకటి ఉంది, ఆ గీత ఎందుకు కొట్టారో దాని పక్కన రాసి లేదు. రాసి ఉన్నా అది ఆవిడకి వ్యతిరేకంగానే చదువుతారని ఖైన్‌కి అర్థమైంది.

డాక్టరు ఖైన్ వైపు తిరిగి నిదానంగా, ఆమెకి అర్థమయ్యే మాటలు ఏరుకుని మాట్లాడాడు. "నువ్వు మంచి స్నేహితురాలివి. కానీ ఆమె కోసం అబద్ధం చెప్పకు. జబ్బు దాస్తే ఆమెకే చెడు." తర్వాత సాన్ న్వేకి చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి కళ్ళె పట్టి ఇమ్మన్నాడు. పరీక్ష ఫలితం వారానికి వస్తుంది.

"వారం ఆగమని ఆఫీసుకి చెప్పండి సయామా," అంది ఖైన్.

యీ మోన్ వరండాలోకి వెళ్ళి ఫోను చేసింది. అవతలివాళ్ళ మాట వినపడలేదు, ఈవిడ "చిత్తం, చిత్తం" అనడమే వినపడింది. తిరిగొచ్చి, "వ్యాను మాట్లాడేశారంట," అంది.

సాన్ న్వే ఆసుపత్రి గోడకి ఒరిగి, డబ్బా నోటి దగ్గర పెట్టుకుని ఎంత దగ్గినా కాస్త ఉమ్మి తప్ప ఏమీ పడలేదు. పొడిదగ్గు. గీరుకుపోయే దగ్గు. ఆ చప్పుడు వింటుంటే ఖైన్‌కి అప్పుడు తెలిసింది, తలుపు దభాలున తెరుచుకున్నట్టు. అది తన దగ్గే. చాప పక్కన చాప. ఒకే కుండ, ఒకే దోమతెర. తన నీడ తనలో కరిగిపోయేలోపే పక్క చాప మీదికి వెళ్ళిపోయింది.

"అక్కా," అంది.

సాన్ న్వే డబ్బా మూత బిగించింది. ఆవిడ తనకంటే ముందే తెలుసుకున్నట్టుంది. "పేరు నాదేగా రాశారు. అందుకే నన్ను వెతుక్కుంటా వచ్చింది," అని ఖైన్ వీపు మీద ఒక చరుపు చరిచింది. "పద. ఆకలేస్తుంది."

* * *

శుక్రవారం పొద్దున షెడ్డు గేటు బయట వ్యాను ఆగింది. డ్రైవరు రెండు మాస్కులు పెట్టుకుని, కిటికీలన్నీ తెరిచి ఉంచాడు. సాన్ న్వేని ఆఖరి సీట్లో కూర్చోమన్నాడు. ఆవిడ దగ్గర ఒక సంచి, ఒక అన్నం కుండ. కుండ ఎందుకక్కా అంటే, అలవాటైన కుండ అంది.

బల్ల దగ్గరి ఆడవాళ్ళు గేటు లోపలే నిలబడి చూశారు. వాళ్ళలో సగంమంది అదే దగ్గు దగ్గినవాళ్ళే. వాళ్ళు దగ్గింది బండి వచ్చిన రోజున కాదు గనక లోపల నిలబడ్డారు.

సాన్ న్వే కిటికీలోంచి చెయ్యి చాపి తన కత్తి ఇచ్చింది. పిడికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆవిడ బొటనవేలు ఆనేచోట గుడ్డ నల్లబడింది.

"ఆయనకి నువ్వే చెప్పు. కార్డుల సంగతీ చెప్పు, ఏదీ దాచకు."

"కోప్పడతాడు."

"పడితే పడనీ. కాసేపే. తర్వాత ఏం తిన్నావని అడుగుతాడు. ఆయన సంగతి నాకు తెలుసుగా."

వ్యాను కదిలింది. మలుపు తిరిగేదాకా దగ్గు వినపడుతూనే ఉంది. ఖైన్ లోపలికి వచ్చి బూట్లు కడుక్కుని బల్ల దగ్గర నిలబడింది. ఎదురుగా ఖాళీ. మంచునీళ్ళ తట్ట ఎవరో అప్పుడే నింపి పెట్టారు.

తర్వాతి గురువారానికి ఆ ఖాళీలోకి కొత్తమ్మాయి వచ్చింది. అదే రోజు యీ మోన్ చెప్పుల చప్పుడు లేకుండా నడిచి వచ్చి, ఖైన్ అంగీ జేబులో మడిచిన కాగితం పెట్టింది.

"ఏంటిది?"

"కళ్ళె పరీక్ష. క్షయ క్రిములు లేవంట," అంది యీ మోన్. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అయితే వెనక్కి పిలిపించండి. ఈ కాగితం చూపించండి వాళ్ళకి."

"చూపించాను. కార్డు రద్దయిపోయిందంట. రావాలంటే కొత్త మనిషిలాగా మొదట్నించీ రావాలంట." యీ మోన్ అక్కడే ఒక క్షణం నిలబడింది. "నేనా రోజు టిక్కు పెట్టకుండా ఉండాల్సింది," అని వెళ్ళిపోయింది.

సాన్ న్వే అవతలి ఒడ్డునుంచి ఒకసారి ఫోను చేసింది. వంతెన దగ్గర ఇచ్చిన కాగితం చూసి, అక్కడి ఆసుపత్రివాళ్ళు మళ్ళీ ఆరు నెలల క్షయ మందులు మొదలుపెట్టారట. ఎర్ర మాత్రలు, ఒంటేలు కూడా ఎర్రగా వస్తోందట. దగ్గు తగ్గలేదు. సాయంత్రాలు జ్వరం వస్తోంది. ఖైన్ కళ్ళె పరీక్ష సంగతి చెప్పబోతుండగానే లైను తెగిపోయింది. తిరిగి చేస్తే కలవలేదు.

* * *

ఓడ శనివారం పొద్దున రేవుకొచ్చింది. సాన్ న్వే మొగుడి కోసం గదిలోంచి ఏవేం తీసుకెళ్ళాలా అని ఖైన్ వెతికింది. ఆవిడ వదిలేసిన చొక్కా ఒకటి, బుద్ధుడి బిళ్ళ ఒకటి దొరికాయి. ఇంకేమైనా ఉందేమోనని బిస్కెట్ల డబ్బా మూత తీసింది. సూదిదారం కింద మూడు మాత్రలు, కత్తిరించిన రేకులో మెరుస్తూ కనపడ్డాయి.

అలాగే చాప మీద కూలబడింది. దగ్గు వినపడ్డ ప్రతి రోజూ ఇవి ఇక్కడే ఉన్నాయి. మూడు చేతుల దూరంలో. ఒకసారి అడిగింది, వద్దంటే ఊరుకుంది. ఆసుపత్రి గోడ దగ్గర అంతా అర్థమైన తర్వాత కూడా తట్టలేదు. ఫొటోలు, కార్డులు, సాక్ష్యాలు అని తిరగడంలో పడి, ఆవిడకి జబ్బుందన్న సంగతే మర్చిపోయింది. వ్యాను కిటికీలోంచి కత్తి తీసుకున్న చేత్తో ఇవి ఇవ్వగలిగేది. ఖైన్ ఏడ్చింది. తనని తాను తిట్టుకుని, మొహం కడుక్కుని, మాత్రలు పిడికిట్లో పట్టుకుని రేవుకి వెళ్ళింది.

చేపల తట్టల మధ్యనుంచి సాన్ న్వే మొగుడు తున్ యిన్ వచ్చాడు. ఎండకి మాడిన మనిషి. చేతిలో ఎండబెట్టిన కడ్డీ చేపల కట్ట ఉంది, పెళ్ళానికి ఇష్టమని ప్రతిసారీ తెస్తాడు. ఖైన్ వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"మీ అక్క ఏది?"

ఖైన్ చెప్పింది. కార్డులు మార్చుకున్న దగ్గర్నించి వ్యాను మలుపు తిరిగేదాకా ఏదీ దాచలేదు. కళ్ళె పరీక్ష కాగితం ఇచ్చింది. అతను దాన్ని తిరగేసి చూశాడు. థాయ్ చదవడం రాదు.

"ఏం రాశారు దీంట్లో?"

"క్షయ లేదని."

"మరెందుకు పంపారు?"

"ఆ ఫొటోలో ఉన్నవి నా ఊపిరితిత్తులు అన్నా. పేరు అక్కది. తర్వాత నా దగ్గే అక్కకి అంటుకుంది."

అతను కోప్పడలేదు. కోప్పడడానికి కూడా మనిషికి కాస్త ఓపిక ఉండాలి. రేవు గట్టు మీద చేపల కట్ట పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. ఐస్ ముక్కలు నిండిన తోపుడుబండి ఒకటి వాళ్ళ మధ్యనుంచి పోయింది. ఆ చప్పుడు పోయేదాకా ఆగాడు.

"ఇప్పుడు ఎట్లా ఉంది?"

"దగ్గుతుంది. సాయంత్రాలు జ్వరం. అక్కడ క్షయ మందులు ఇస్తున్నారు."

"నేను వెళ్తాను," అన్నాడు. ఓడ వైపు తలైనా తిప్పలేదు. అది మళ్ళీ మూడు రోజుల్లో బయల్దేరుతుంది, ఎక్కకపోతే ఇంకో మనిషిని ఎక్కించుకుంటుంది. అది ఇద్దరికీ తెలుసు.

ఖైన్ పిడికిలి తెరిచింది. రేకు చెమటకి తడిసిపోయి ఉంది. అతను మూడు మాత్రల్నీ తీసుకుని, వెలుతురుకి ఎత్తి చూసి, చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక జేబు మీద చెయ్యి అలాగే ఉంచి, ఖైన్ మొహంలోకి మొదటిసారి సూటిగా చూశాడు.

"ఇవి వేసుకుంటే తగ్గిపోద్దా?"

ఖైన్ తల వంచుకుంది.

"నాకు తగ్గింది," అంది.